నల్లమందు నుంచి అయస్కాంతం దాకా



ముల్లును ముల్లుతోనే తీయాలంటారు మన పెద్దలు. మాట మంచిదే. కానీ తీయబోయిన ముల్లు కూడా లోపలే విరిగితే? అప్పుడు ఒక ముల్లున్న చోట రెండు ముళ్లు అవుతాయి. నల్లమందు వ్యసనానికి మనుషులు చేసిన చికిత్సల చరిత్ర చాలాకాలం ఇలాగే నడిచింది. ఒక మత్తును వదిలించడానికి ఇంకొక మత్తు తెచ్చారు. అది మొదటిదానికన్నా గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు మందు మింగకుండా, సూది గుచ్చకుండా, తల పైనుంచే అయస్కాంతంతోనో కొద్దిపాటి కరెంటుతోనో మెదడును తట్టి ఈ వ్యసనాన్ని తగ్గించవచ్చునా అని లోకమంతటా వైద్యులు పరీక్షిస్తున్నారు. ఈ ప్రయత్నం ఎక్కడ మొదలైంది, ఎంతదాకా వచ్చింది, అందులో మనం నమ్మదగింది ఎంత అన్నదే ఈనాటి ప్రసంగం.

నల్లమందు మనకు కొత్త వస్తువు కాదు. తెలుగులో నల్లమందు అంటాం, అభిని అంటాం. తమిళంలో అబిన్, కన్నడంలో అఫీము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మూడు భాషలూ ఒకే సంతలో వినబడతాయి కనుక మూడు పేర్లూ మనకు తెలిసినవే. దీని చెట్టు కూడా పరాయిది కాదు. పండుగనాడు పాయసంలో వేసుకునే గసగసాలు ఆ చెట్టు గింజలే. గింజలో మత్తు లేదనే చెప్పాలి. పచ్చికాయ మీద గాటు పెడితే పాలు కారుతాయి. ఆ పాలు ఆరి నల్లబడితే నల్లమందు. ఒకే చెట్టు ఒక చేత్తో పాయసం పెడుతుంది, ఇంకో చేత్తో సంకెల వేస్తుంది.

మొగలాయిల కాలానికే ఉత్తరాదిలో నల్లమందు సాగు ఉండేది. ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక అది పెద్ద వ్యాపారమయింది. 1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాలు నల్లమందు మీద కంపెనీకి గుత్తాధికారం తెచ్చిపెట్టాడు. పాట్నాలోనూ గాజీపూరులోనూ ఫ్యాక్టరీలు లేచాయి. కలకత్తా వేలంపాటలో అమ్ముడైన సరుకు చైనా చేరింది. చైనా వద్దంటే 1839లో ఒకసారి, 1856లో మరొకసారి యుద్ధాలు జరిగాయి. గాజీపూరు ఫ్యాక్టరీ నేటికీ ఉంది. అయితే ఇప్పుడు అది ప్రభుత్వం చేతిలో, మందుల తయారీ కోసం నడుస్తోంది.

ఇక మన తెలుగువారి సంగతి. మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం హెచ్చుగా ఉన్న చోట్లలో గోదావరి, విశాఖపట్నం జిల్లాలు ముందుండేవి. మన్యపు జ్వరం రాకుండా కాపాడుతుందని అక్కడివారు దాన్ని వాడేవారు. మలేరియాకు సరైన మందు పల్లెకు అందని రోజుల్లో ఆ నమ్మకాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఏడ్చే బిడ్డకు రవ్వంత నాకించి పనికి పోయిన తల్లులు దేశమంతటా ఉండేవారు. 1893లో బ్రిటిషు ప్రభుత్వం నల్లమందు మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. ఆ కమిషన్ 1895లో, ఈ దేశంలో వాడకం చాలావరకు మితంగానే ఉందని, పూర్తి నిషేధం అక్కరలేదని తేల్చింది. ఖజానాకు వచ్చే రాబడి ఆ తీర్పు వెనుక ఉందని విమర్శించినవారు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో అఖిల భారత స్థాయిలో ఒక సమావేశం జరిపి, వైద్యానికి తప్ప నల్లమందును పదేళ్లలో పూర్తిగా ఆపాలని నిర్ణయించారు. 1959 నాటికి లైసెన్సు అంగళ్ల కాలం ముగిసింది. 1985లో నేటి మత్తుపదార్థాల చట్టం వచ్చింది.

చట్టంతో మత్తును ఆపే ప్రయత్నంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, 1937లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి అయ్యారు. ఆ ఏడు అక్టోబరు 1న మొట్టమొదటగా సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలోనివే. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. అంటే ఆ పెద్ద ప్రయోగం జరిగింది మన తాతల వీధుల్లోనే. మరుసటి ఏడాది, 1938లో, దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి నడిచారు. ఆ వేడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకి 1995లో అక్కడ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు కూడా.

ఈ కథలన్నిటిలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. అంగడి మూసేయవచ్చు. మరి అప్పటికే అలవాటు పడ్డ మనిషి ఏమి కావాలి? ఆ రాత్రి అతని ఒళ్లు వణికితే, కడుపులో పేగులు మెలిపెడితే, చట్టం వచ్చి దుప్పటి కప్పదు గదా. అక్కడ కావలసింది వైద్యం. ఆ వైద్యం ఎలా దారితప్పిందో, ఎలా దారికి వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

1805 ప్రాంతంలో జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే యువకుడు, మందుల అంగడిలో పని నేర్చుకుంటూ, నల్లమందులోని అసలు సారాన్ని విడదీశాడు. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీద దానికి మార్ఫిన్ అని పేరు వచ్చింది. నొప్పికి అంతటి మందు ఇంకోటి లేదు. నేటికీ క్యాన్సరు నొప్పికి అదే దిక్కు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ సూదితో మందు ఎక్కించే పద్ధతి వాడాడు. మందు కడుపులోకి పోదు కనుక అలవాటు కాదని కొందరు వైద్యులు నమ్మారు. కానీ సూది అలవాటును ఇంకా బిగించింది.

అప్పుడు మార్ఫిన్ అలవాటుకు మందు వెతికారు. 1884లో వియన్నాలో యువ వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, మార్ఫిన్ మానిపించడానికి కొకైన్ మంచిదని రాశాడు. తన స్నేహితుడికి అది ఇచ్చి చూశాడు కూడా. ఆ స్నేహితుడు మార్ఫిన్‌తో పాటు కొకైన్‌కూ బానిస అయ్యాడు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా బజారులో పెట్టింది. మార్ఫిన్ కన్నా దీనితో అలవాటు భయం తక్కువ అన్నారు. అది ఎంత అబద్ధమో ఈనాడు బడిపిల్లలకు కూడా తెలుసు. ఈ తప్పు పాతకాలంతో పోలేదు. 1996లో అమెరికాలో ఆక్సికాంటిన్ అనే నొప్పిమాత్ర ఇదే భరోసాతో వచ్చింది. అది తెరచిన దారిన తరువాత హెరాయిన్, ఫెంటనిల్ వచ్చిపడి, 2021 నాటికి ఆ దేశంలో ఒక్క ఏడాదిలో ఎనభై వేల మంది దాకా నల్లమందు జాతి మందుల వల్ల చనిపోయే స్థితి వచ్చింది.

శ్రోతలారా, ఈ వరసలో ఒక సంగతి గమనించండి. ప్రతి కొత్త మందూ వచ్చేటప్పుడు అద్భుతమన్నారు. అలవాటు కాదన్నారు. పరీక్ష పూర్తికాకముందే ప్రచారం పూర్తయింది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, అయస్కాంతం దగ్గరికి వచ్చేసరికి మనం ఏమి అడగాలో మనకే తెలుస్తుంది.

అసలు ఈ మత్తు మనిషిని ఎలా పట్టుకుంటుంది? 1954లో కెనడాలోని మాంట్రియల్‌లో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక మెదడులో సన్నని తీగ పెట్టారు. ఎలుక మీట నొక్కితే మెదడులో ఒక చోట కొద్దిగా కరెంటు తగులుతుంది. ఆ చోటు తగిలిన ఎలుకలు పదేపదే మీట నొక్కుతూనే పోయాయి. మెదడులో సుఖానికి, కోరికకు ఒక దారి ఉందని అలా తెలిసింది. 1973లో నల్లమందు వచ్చి కూర్చునే పీటలు మెదడు కణాల మీదనే ఉన్నాయని కనిపెట్టారు. ఎక్కడో పొలంలో పుట్టిన మందుకు మన తలలో పీట ఎందుకు వేసి ఉంది? జవాబు 1975లో స్కాట్లాండులోని అబెర్డీన్‌లో దొరికింది. మన శరీరమే నల్లమందు వంటి పదార్థాన్ని చిటికెడు చిటికెడుగా తయారు చేసుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని ఓర్చుకోవడానికి అది సహాయం చేస్తుంది.

బయటినుంచి గుప్పెళ్లతో మత్తు వచ్చిపడితే మెదడు దానికి తగ్గట్టు తన లెక్క మార్చుకుంటుంది. మొదట్లో సరిపోయింది తరువాత సరిపోదు. ఆపితే ముక్కు కారడం, ఆవలింతలు, ఒళ్లు గగుర్పొడవడం, వాంతులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం. హెరాయిన్ అయితే ఇవి ఆపిన పూటకే మొదలై సుమారు వారం రోజులు పీడిస్తాయి. చూసేవాళ్లకు ఇది నాటకంలా ఉంటుంది. పడేవాడికి మాత్రం నరకం.

వారం గడిచింది, ఒళ్లు కుదుటపడింది. అంతటితో అయిపోయిందా? లేదు. డెంకణికోట అడవి అంచున రాగి చేను వేసిన రైతును అడగండి. ఒకసారి చేను రుచి చూసిన ఏనుగు మళ్లీ అదే దారిన వస్తుంది. డప్పు కొడితే ఆ రాత్రికి పోతుంది. కానీ దారి మరచిపోదు. కోరిక కూడా అలాంటిదే. పాత స్నేహితుడు కనబడితే, పాత సందు మలుపు వస్తే, నెలల తరువాత కూడా తల ఎత్తుతుంది. ఆ ఏనుగుకు మావటివాడు ఉండాలి. మన నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం ఆ మావటి. ముందువెనుకలు ఆలోచించడం, ఆవేశాన్ని ఆపడం దాని పని. ఏళ్ల తరబడి మత్తు వాడినవారిలో ఈ మావటి పట్టు సడలుతుంది. వద్దు అని నోరు చెబుతుంది, చెయ్యి మాత్రం పోతుంది. అందుకే ఇది వట్టి బుద్ధిలేనితనం కాదని, దీర్ఘకాలపు జబ్బు అని వైద్యులు అంటారు.

ఈ జబ్బుకు పనిచేసిన మొదటి గట్టి చికిత్స 1960ల్లో వచ్చింది. న్యూయార్కులో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే వైద్యులు రోజూ కొలిచిన మోతాదులో మెథడోన్ ఇచ్చి, రోగులు పనికి పోయేలా, ఇల్లు నిలబెట్టుకునేలా చేశారు. తరువాత బుప్రెనార్ఫిన్ వచ్చింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర. మన దేశంలో 1990ల నుంచి దీన్ని వాడుతున్నారు. ఇవి కూడా నల్లమందు జాతివే గదా, ముల్లుకు ముల్లే గదా అని మీరు అడగవచ్చు. నిజమే. తేడా ఏమిటంటే ఇవి మెల్లగా పనిచేస్తాయి, మత్తు కెరటంలా ఎక్కదు, వైద్యుడి కంట్లో ఉంటాయి. ఈ చికిత్సలో ఉన్నంతకాలం రోగి చనిపోయే ప్రమాదం సుమారు సగానికి తగ్గుతుందని అనేక దేశాల అనుభవం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెంటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇక కరెంటు కథ. ఇది కూడా పాతదే. మొదటి శతాబ్దంలో రోమునగర వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తలనొప్పికి విద్యుత్ చేపను నుదుట పెట్టమని రాశాడు. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే, మారుతున్న అయస్కాంత శక్తి పక్కనున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని చూపాడు. ఇది మేము బడిలో పిల్లలకు చెప్పే పాఠమే. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి లాగితే ముల్లు కదులుతుంది. కదలకుండా పెడితే ముల్లు కదలదు. కదలికలోనే ఉంది కిటుకు. మెదడు కూడా చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేసేదే. అయితే తల పక్కన అయస్కాంతాన్ని గబగబా మారిస్తే లోపల కరెంటు పుట్టదా? 1896లో ఫ్రాన్సులో దార్సన్‌వాల్ పెద్ద తీగచుట్టలో తల పెట్టి చూస్తే కళ్ల ముందు మెరుపులు కనబడ్డాయి. కానీ సరైన యంత్రం రావడానికి ఇంకా తొంభై ఏళ్లు పట్టింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్, తన బృందంతో కలిసి, తలకు తగలకుండానే ఒక తీగచుట్టతో మెదడును తట్టి చేతివేళ్లు కదిలించి చూపించాడు. నొప్పి లేదు, కోత లేదు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. కరెంటు అనగానే మనవాళ్లకు షాకు ట్రీట్‌మెంటు గుర్తుకొస్తుంది. అది 1938లో రోములో మొదలైన వేరే చికిత్స. అందులో మత్తు ఇచ్చి, కావాలనే మూర్ఛ తెప్పిస్తారు. తీవ్రమైన మానసిక వ్యాధులకు అది ఇప్పటికీ ఉపయోగపడుతుంది. అయస్కాంత చికిత్సలో మూర్ఛ తెప్పించరు, మత్తు ఇవ్వరు. రోగి మేలుకొని కుర్చీలో కూర్చుంటాడు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న తీగచుట్టను నుదుటికి ఒక పక్కన ఆనిస్తారు. టకటకమని చప్పుడు, వడ్రంగిపిట్ట కొట్టినట్టు. అయస్కాంత శక్తి పుర్రె దాటి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు పోతుంది. మనం చెప్పుకున్న మావటివాడు కూర్చునే చోటు అదే. రోజుకు కొన్ని నిమిషాల నుంచి అరగంటకు పైగా, వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు చేస్తారు. రెండవ పద్ధతి ఇంకా చిన్నది. తల మీద రెండు తడి మెత్తలు పెట్టి ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పంపుతారు. చిన్న బ్యాటరీ చాలు.

నల్లమందు వ్యసనానికి కరెంటు వాడిన తొలి కథ మాత్రం హాంకాంగులో జరిగింది. 1972లో అక్కడ డాక్టరు వెన్ అనే మెదడు శస్త్రవైద్యుడు, ఆపరేషనుకు ముందు ఒక రోగికి సూదులు గుచ్చి, వాటికి కొద్దిగా కరెంటు కలిపాడు. నొప్పి తెలియకుండా చేయాలన్నది ఉద్దేశం. ఆ రోగి నల్లమందు అలవాటున్నవాడు. సూదులు పెట్టాక తన ఒళ్లుబాధ తగ్గిందని చెప్పాడు. డాక్టరు వెన్ 1973లో ఈ సంగతి ప్రచురించాడు. అప్పుడు హాంకాంగులోనే పనిచేస్తున్న మెగ్ ప్యాటర్సన్ అనే స్కాట్లాండు శస్త్రవైద్యురాలు, అంతకుముందు మన దేశంలో లూధియానా క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసినావిడ, ఈ పద్ధతిని ఇంగ్లండుకు తీసుకుపోయింది. సూదులు తీసేసి చెవుల వెనుక మెత్తలు పెట్టింది. 1974లో ప్రసిద్ధ గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ ఆమె దగ్గర చికిత్స పొందడంతో పత్రికల్లో పెద్ద పేరు వచ్చింది. కానీ 1984లో లండనులో దీన్ని మెథడోన్‌తో పోల్చి చూస్తే మెథడోనే మెరుగని తేలింది. కరెంటు పెట్టినవారిలో ఎక్కువమంది చికిత్స మధ్యలోనే వెళ్లిపోయారు. పేరుమోసిన రోగి ఒకరు బాగుపడటం వేరు, పదిమందిలో పరీక్షకు నిలవడం వేరు.

అయినా ఆ ఆలోచన చావలేదు. 2017 నవంబరులో అమెరికా ఔషధ సంస్థ చెవి వెనుక అంటించే ఒక చిన్న పరికరానికి అనుమతి ఇచ్చింది. అది చెవి దగ్గరి నరాలను తడుతుంది. మానేసిన మొదటి రోజుల ఒళ్లుబాధను తగ్గించడానికి మాత్రమే దానికి అనుమతి. వ్యసనం కుదురుస్తుందని కాదు.

అయస్కాంతం సంగతి ఇలా ఉంది. 2008లో అమెరికాలో మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతి వచ్చింది. 2018లో ఆపుకోలేని ఆలోచనలు, చేతల జబ్బుకు వచ్చింది. 2020లో పొగతాగుడు మానడానికి వచ్చింది. ఒక వ్యసనానికి వచ్చిన మొదటి అనుమతి అది. దాని వెనుక 262 మంది మీద చేసిన పరీక్ష ఉంది. కొందరికి నిజమైన యంత్రం, కొందరికి అదే చప్పుడు చేసే ఉత్తుత్తి యంత్రం పెట్టారు. ఎవరికి ఏది పెట్టారో వారికి తెలియదు. నిజమైన యంత్రం పెట్టినవారిలో నూటికి 19 మంది వరుసగా నాలుగు వారాలపాటు పొగ మానగలిగారు. ఉత్తుత్తి యంత్రం పెట్టినవారిలో నూటికి 9 మంది మానారు. మేలు ఉంది, కాదనలేం. కానీ నూటికి ఎనభైమంది మానలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. 2010లో రాంచీలోని కేంద్ర మనోవ్యాధుల సంస్థ వైద్యులు మద్యానికి బానిసలైన 45 మంది మీద ఇలాగే పరీక్షించి, నిజమైన యంత్రం పెట్టినవారిలో తాగాలన్న కోరిక తగ్గిందని ప్రచురించారు. హెరాయిన్ విషయంలో 2016లో చైనా పరిశోధకులు చిన్న గుంపు మీద పరీక్షించి, మత్తును గుర్తుచేసే బొమ్మలు చూపినప్పుడు పుట్టే కోరిక తగ్గిందన్నారు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ధ్వని తరంగాలను మెదడు లోతుకు పంపే ప్రయోగం కూడా సాగుతోంది. ఇవన్నీ ఆశ కలిగించేవే. అయితే చాలా పరీక్షలు పదుల మంది మీద జరిగినవి, కొద్ది వారాలు మాత్రమే గమనించినవి. కోరిక తగ్గిందని రోగి చెప్పడం ఒకటి. ఏడాది తరువాత కూడా అతను మత్తు ముట్టకుండా బతికి ఉండటం ఇంకొకటి. మనకు కావలసింది రెండవది. నల్లమందు వ్యసనానికి ఈ అయస్కాంత యంత్రాలకు అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వలేదు.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 2 కోట్ల 26 లక్షల మంది నల్లమందు జాతి మత్తు వాడుతున్నారు. సుమారు 77 లక్షల మందికి అది సమస్యగా మారింది. ఇది హెరాయిన్ ఒక్కటే కాదు. నొప్పిమాత్రలు కూడా ఇందులో ఉన్నాయి. 2018లో ట్రమడాల్ మాత్రను మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు. ఇటీవలి ఏళ్లలో తమిళనాడులో టపెంటడాల్ మాత్రలు పొడిచేసి సూదితో ఎక్కించుకునే కేసులు పత్రికల్లో వస్తున్నాయి. పెద్ద రోడ్డు, పారిశ్రామికవాడ, మూడు రాష్ట్రాల సరిహద్దు ఉన్న ప్రాంతం మనది. కళ్లు మూసుకుని కూర్చోలేం.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మత్తు మానిన మనిషి ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. పదిహేను రోజులు ఎక్కడో ఉంచి, యంత్రం పెట్టి, బాగుపడ్డాడని ఇంటికి పంపారనుకోండి. ఆ తరువాత మందు లేదు, మాట్లాడేవారు లేరు. నెలకు ఏనుగు మళ్లీ పాత దారి పట్టింది. ఆ కుర్రవాడు పాత అలవాటుకొద్దీ పాత మోతాదే తీసుకున్నాడు. ఊపిరి ఆగిపోతుంది. మానకముందు బతికి ఉన్నవాడు మానిన తరువాత పోతాడు. అందుకే యంత్రం ఒక్కటే చాలు, మాత్రలు అక్కరలేదు అనే మాట వింటే జాగ్రత్తపడాలి. ఏరు దాటించే తెప్ప మంచిదే. కానీ ఇల్లు అవతలి గట్టున ఇంకా దూరంలో ఉంది.

కాబట్టి ఎవరైనా మీ బిడ్డకు ఈ చికిత్స చేస్తామంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది పరిశోధనగా చేస్తున్నారా, ఖాయమైన చికిత్సగా చెబుతున్నారా? పరిశోధన అయితే డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? బుప్రెనార్ఫిన్ వంటి మందును దీనితో పాటు ఇస్తారా, ఆపేస్తారా? ఆరు నెలల తరువాత ఎవరు చూస్తారు? తలలో లోహపు ముక్క, చెవిలో అమర్చిన యంత్రం, గుండెకు పేస్‌మేకర్, మూర్ఛ జబ్బు ఉంటే ముందే చెప్పండి. అయస్కాంత చికిత్సలో సాధారణంగా తలనొప్పి, తల మీద కొంచెం నొప్పి తప్ప పెద్ద బాధ ఉండదు. అరుదుగా మూర్ఛ రావచ్చు. అందుకే అది అర్హత ఉన్న వైద్యుడి చేతిలోనే జరగాలి.

సహాయం మనకు దూరంలో లేదు. హోసూరు నుంచి బెంగుళూరుకు పోయే రోడ్డు మీదనే నిమ్హాన్స్ ఉంది. సుమారు నలభై కిలోమీటర్లు. మైసూరు సంస్థానపు మానసిక ఆసుపత్రిగా పేరుపొంది, 1954లో అక్కడే ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థతో 1974లో కలిసి నిమ్హాన్స్ అయింది. వ్యసనాల చికిత్సకు అక్కడ ప్రత్యేక కేంద్రం ఉంది. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టి.టి.కె. ఆసుపత్రి ఉంది. అంత దూరం పోలేనివారు 14446 నంబరుకు ఫోను చేయవచ్చు. అది మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు. మానసిక బాధకు 14416 ఉంది. ఫోనుకు డబ్బు పడదు. పోలీసు భయం చాలామందిని ఇంట్లోనే దాచిపెడుతోంది. ఆసుపత్రికి పోవడం నేరం కాదు. స్వయంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి, కొద్ది మోతాదుకు సంబంధించిన కేసుల్లో రక్షణ కల్పించే 64ఎ సెక్షను ఆ చట్టంలోనే ఉంది.

రెండు వందల ఏళ్ల చరిత్ర మనకు చెప్పింది ఒకటే. మార్ఫిన్ తప్పు వస్తువు కాదు, కరెంటూ తప్పు వస్తువు కాదు. తొందరపాటు తప్పు. పరీక్షకు ముందే పరుగెత్తిన ప్రతిసారీ ఆ పందెంలో ఓడినవాడు రోగి. అయస్కాంతం రేపు మంచి తోడు కావచ్చు. ఈనాటికి మాత్రం మందు, మాట, మనిషి తోడు అనే మూడిటి పక్కన నిలబడి పనిచేయవలసిన నాలుగవది అది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఒక బిడ్డ ఈ బాధలో ఉంటే, చెడిపోయాడని తలుపు మూయకండి. మధుమేహం వచ్చినవాణ్ణి వెలివేయం గదా. ముందు తలుపు తెరవండి, తరువాత వైద్యుణ్ణి వెతకండి.